డెబ్భై దాటిన దాత కాలేయం: ఏ లెక్కన తీసుకోవాలి, ఏ లెక్కన వదలాలి?

హెపటాలజీ ఫెలో

కాలేయ మార్పిడి జట్లలో పనిచేసేవారిని అడుగుతున్నాను. మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఊహా కేసు పెడతాను.

దాత వయసు 76. మెదడులో రక్తస్రావం, బ్రెయిన్ డెడ్‌గా నిర్ధారించారు. ఐసీయూలో మూడో రోజు. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 40, కామెర్ల సూచిక బిలిరుబిన్ 0.9, సోడియం 151, బీఎంఐ 25. పదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. అల్ట్రాసౌండ్‌లో కాలేయం కొంచెం తెల్లగా కనబడుతోందని రాశారు. ఇంకే తేడా లేదు.

అదే బ్లడ్ గ్రూపులో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరికి 54 ఏళ్లు, సిర్రోసిస్, మందులకు లొంగని పొట్టనీరు, మెల్డ్ (రక్తపరీక్షలతో కట్టే కాలేయ జబ్బు తీవ్రత స్కోరు, ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ) 22. రెండోవారికి 61 ఏళ్లు, కాలేయ క్యాన్సరు, గడ్డ మార్పిడికి ఒప్పుకునే హద్దుల్లోనే ఉంది, మెల్డ్ 12.

నా సందేహాలు ఇవి. వయసు ఒక్కటే చూసి వద్దనవచ్చా? తీసుకుంటే ఇద్దరిలో ఎవరికి? డీ-మెల్డ్ (దాత వయసు × గ్రహీత మెల్డ్) లెక్క కడితే మొదటివారికి 76×22, అంటే 1672. రెండోవారికి 912. 1600 దాటితే ఫలితాలు పడిపోతాయని చదివాను కాబట్టి క్యాన్సరు రోగికే ఇవ్వాలనిపిస్తోంది. కానీ మార్పిడి వల్ల ఎక్కువ లాభం పొందేది మెల్డ్ ఎక్కువున్నవారే అని కూడా చదివాను. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయి? ఇక తీసుకున్నాక నష్టం తగ్గించడానికి ఆపరేషన్ వైపు నుంచి ఏం చేయవచ్చు?

మార్పిడి సర్జన్

మొదటి ప్రశ్నకు నా జవాబు: వయసు ఒక్కటే చూసి వద్దనకూడదు. అలాగని వయసును పట్టించుకోకుండా వదిలేయడానికీ లేదు. ముసలి కాలేయం మామూలు రోజుల్లో తన పని తాను బాగానే చేస్తుంది. దెబ్బ తగిలినప్పుడు కోలుకోవడంలోనే తేడా కనబడుతుంది. చల్లని పెట్టెలో గడిపిన గంటలు, కొవ్వు, రక్తపోటు పడిపోయిన నిమిషాలు, ఇవన్నీ పాతికేళ్ల కాలేయం తట్టుకున్నంతగా 76 ఏళ్లది తట్టుకోదు. అందుకే వయసును నేను కూడికగా కాక గుణకారంగా చూస్తాను. పక్కన గుణించడానికి ఏమీ లేకపోతే వయసు ఒక్కటీ చేసే నష్టం తక్కువే.

లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను. వయసుతో కాలేయం పరిమాణం 20 నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది. రక్త ప్రవాహం మూడో వంతు దాకా పడిపోతుంది. కాలేయంలోని సన్నని రక్తనాళాలైన సైనసాయిడ్ల గోడల్లో ఉండే చిల్లులు మూసుకుంటాయి, గోడ మందమెక్కుతుంది. పునరుత్పత్తి ఆగదు గానీ నెమ్మదిస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కార్బన్-14 పద్ధతితో కణాల వయసు కట్టిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. మనిషికి ఇరవై ఏళ్లున్నా ఎనభై ఏళ్లున్నా కాలేయ కణాల సగటు వయసు మూడేళ్ల లోపే అని తేలింది. కణాలు కొత్తవే, కానీ అవి కూర్చున్న గూడు, వాటికి రక్తం తెచ్చే గొట్టాలు మాత్రం దాత వయసువే.

అంకెల్లో కావాలంటే 2006లో అమెరికా సమాచారంతో తయారైన డోనర్ రిస్క్ ఇండెక్స్ (దాత కాలేయం విఫలమయ్యే ముప్పును కట్టే లెక్క) చూడండి. 40 ఏళ్ల లోపు దాతతో పోలిస్తే 60–69 మధ్య దాత కాలేయం విఫలమయ్యే అవకాశం 1.53 రెట్లు, 70 దాటితే 1.65 రెట్లు. గుండె ఆగిపోయాక దానం చేసిన కాలేయానికి అదే లెక్కలో 1.51, కోసి పంచిన కాలేయానికి 1.52. అంటే 70 దాటిన దాత, మనం అలవాటుగా ఒప్పుకునే మిగతా కష్టమైన కాలేయాల వరుసలోనే ఉన్నాడు, వాటికి చాలా పైన ఏమీ లేడు. పైగా ఈ లెక్క తయారైంది మెషిన్ పెర్ఫ్యూజన్ (తీసిన కాలేయంలోకి యంత్రంతో ద్రావణం పంపడం) రాకముందు, హెపటైటిస్-సి మందులు రాకముందు. ఆ రోజుల్లో ముసలి కాలేయాన్ని ఎక్కువగా పాడుచేసింది హెపటైటిస్-సి మళ్లీ రావడమే. 2013 చివర్లో సొఫోస్బువిర్ వచ్చాక ఆ భయం దాదాపు తొలగింది. ఆ సంగతి గుర్తుంచుకోకుండా పాత పట్టికలను ఇవాళ్టి రోగికి అతికించకండి.

ఇక దాత దగ్గర చూడాల్సినవి. సోడియం 151 ఫరవాలేదు, 155 దాటనివ్వకండి. దాటితే నెమ్మదిగా దించాకే తీయండి. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఒక్కసారి చూసి ఊరుకోవద్దు. ఆరేసి గంటలకు రెండు మూడు సార్లు చేయించి అవి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూడండి. ఛాతీ, పొట్ట సీటీ తప్పనిసరి. దానికి కారణాలు రెండు. ఒకటి, ఈ వయసులో ఎక్కడో దాగిన క్యాన్సరు ఉండే అవకాశం ఎక్కువ. రెండు, కాలేయానికి రక్తం తెచ్చే సీలియక్ ధమని మొదట్లో సున్నం ఎంత పేరుకుందో ముందే తెలుస్తుంది. పొట్ట తెరిచాక కూడా పేగులు, మూత్రపిండాలు, అండాశయాలు చేత్తో తడిమి చూడాలి. అనుమానం ఉన్న ప్రతి గడ్డా ఫ్రోజన్ సెక్షన్‌కు (ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చేసే పరీక్షకు) పోవాలి. ఆ జవాబు వచ్చేదాకా గ్రహీత పొట్ట తెరవకూడదు.

ఈ కేసులో నన్ను ఆలోచింపజేసేది వయసు కాదు, షుగరు. పదేళ్ల షుగరూ, తెల్లగా కనబడే కాలేయమూ కలిస్తే కొవ్వు ఉండొచ్చు. బయాప్సీ లేకుండా ఒప్పుకోను.

తీసేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. ముసలి బృహద్ధమని చాలాసార్లు గుల్లలా గట్టిపడి ఉంటుంది. కాన్యులా (ద్రావణం పంపే గొట్టం) పెట్టే ముందు వేలితో తడిమి మెత్తని చోటు వెతకండి. గట్టి చోట క్లాంపు వేసి నొక్కితే లోపలి పొర చిట్లి, ఆ ముక్కలు ద్రావణంతోపాటు సీలియక్‌లోకి పోతాయి. మెత్తని చోటు దొరక్కపోతే పొత్తికడుపులోని ఇలియాక్ ధమని నుంచి వెళ్లండి. ధమని నుంచి ప్రవాహం చాలదనిపిస్తే పేగుల మెసెంటెరిక్ సిరలో కాన్యులా పెట్టి, పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే పోర్టల్ సిర వైపు నుంచి కూడా కడగండి. ధమని చుట్టూ ఎక్కువ విడదీయొద్దు. సీలియక్‌ను బృహద్ధమని ముక్కతో సహా తీసుకురండి. ఎడమ గ్యాస్ట్రిక్, సుపీరియర్ మెసెంటెరిక్ ధమనుల నుంచి కాలేయానికి వచ్చే అదనపు కొమ్మల కోసం ముందే చూసుకోండి. వంతెనగా వాడటానికి దాత ఇలియాక్ ధమనిని నమ్ముకుంటాం కదా, ఈ వయసులో అది తరచూ పనికిరాదు. ప్రత్యామ్నాయం ముందే అనుకుని ఉంచుకోండి. పైపొర సులువుగా చిరుగుతుంది కాబట్టి లిగమెంట్లను లాగకుండా కోయండి. పిత్తాశయం తెరిచి, పిత్తనాళాన్ని చల్లని ద్రావణంతో శుభ్రంగా కడగండి. లోపల మిగిలిన పిత్తం చల్లని నిల్వలో నాళం లోపలి పొరను తినేస్తుంది.

చివరిది సమయం. ఐస్‌లో ఉంచే సమయం 8 గంటలు దాటకూడదని అందరూ అంటారు. ఈ వయసులో నేను 6 గంటలు లక్ష్యంగా పెట్టుకుంటాను. కుట్లు వేసే సమయం కూడా గంటలోపే. అందుకే ఇలాంటి కాలేయం పాత ఆపరేషన్ల అతుకులున్న పొట్టకు, పోర్టల్ సిరలో రక్తపు గడ్డ ఉన్నవారికి సరిపడదు. పాత కాలేయాన్ని బయటికి తీయడానికే అక్కడ మూడు గంటలు అదనంగా పోతాయి.

లివర్ పాథాలజీ

బయాప్సీ మాట వచ్చింది కాబట్టి క్లుప్తంగా.

మీకు కావాల్సింది పెద్ద చుక్క కొవ్వు శాతం. ఒకే చుక్క కణంలో సగానికి పైగా ఆక్రమించి కేంద్రకాన్ని పక్కకు తోసిందంటే అది పెద్ద చుక్క. చిన్న చుక్కలు కణమంతా నిండినా అంత ప్రమాదం కాదు. ఈ రెండింటినీ కలిపి "కొవ్వు 50 శాతం" అని ఫోన్‌లో చెప్పడం వల్ల మంచి కాలేయాలు వృథా అవుతాయి. పెద్ద చుక్క 30 శాతం లోపు అయితే స్వల్పం, 30–60 మధ్యస్తం, 60 పైన తీవ్రం. 76 ఏళ్ల దాతకు 30 దగ్గరే గీత గీస్తాను. చిన్నవయసు దాతకైతే అంతకు మించి కూడా ఆలోచించవచ్చు.

ముక్క ఎలా పంపుతున్నారో చూసుకోండి. సెలైన్‌లో ముంచితే గడ్డకట్టించేటప్పుడు మంచు రంధ్రాలు ఏర్పడి కొవ్వు చుక్కల్లా కనబడతాయి. పొడి గాజుగుడ్డ మీద పెడితే గుడ్డ కొవ్వును పీల్చేస్తుంది, కణాలు ఎండి ముడుచుకుంటాయి. నీరు పీల్చని పొర మీద, నిల్వ ద్రావణం తడితో పంపండి. అంచు నుంచి కోసిన ముక్క ఒక్కటే పంపితే పైపొర కింద సహజంగా ఉండే నారను ఫైబ్రోసిస్ (జబ్బు వల్ల పేరుకునే నార) అనుకునే ప్రమాదం ఉంది. లోతు నుంచి సూది ముక్క కూడా ఇవ్వండి, వీలైతే రెండు లోబుల నుంచీ. స్వల్ప పోర్టల్ ఫైబ్రోసిస్ ఈ వయసులో మామూలే. వంతెనలు కట్టిన ఫైబ్రోసిస్ ఉంటే వద్దు.

ఒక్క మాట. కాలేయం గోధుమ రంగులో కుంచించుకుపోయినట్టు ఉందని ఫోన్లు వస్తుంటాయి. అది లైపోఫ్యూసిన్, వయసు వల్ల పేరుకునే రంగు పదార్థం. దాన్ని చూసి వదులుకోకండి.

హెపటాలజీ, వెయిటింగ్ లిస్ట్ కమిటీ

ఎవరికివ్వాలన్న ప్రశ్న మీద ఇక్కడ కొంచెం వాదించాల్సి ఉంది.

డీ-మెల్డ్ 2009లో వచ్చింది. దాత వయసును గ్రహీత మెల్డ్‌తో గుణిస్తే చాలు, కాగితం మీదే లెక్క తేలిపోతుంది, అందుకే అందరికీ నచ్చింది. కానీ అది జవాబిచ్చే ప్రశ్న ఒక్కటే: మార్పిడి చేశాక ఈ జంట ఎలా ఉంటుంది? మార్పిడి చేయకపోతే ఈ మనిషి ఏమవుతాడన్నది దాని లెక్కలోనే లేదు. 1600 గీతను మాత్రమే పాటిస్తే ముసలి కాలేయాలన్నీ తక్కువ జబ్బున్నవారికి, పడుచు కాలేయాలన్నీ ఎక్కువ జబ్బున్నవారికి పోతాయి. ఈ మధ్యలో 22 దగ్గరున్నవారు ఎదురుచూస్తూనే పోతారు.

ఎదురుచూడటం వల్ల జరిగే నష్టం అంకెల్లో ఇదీ. 2003లో ప్రచురితమైన అమెరికా జాబితా సమాచారం ప్రకారం మూడు నెలల్లో మరణించేవారు మెల్డ్ 10–19 మధ్య సుమారు 6 శాతం, 20–29 మధ్య దాదాపు 20 శాతం, 30–39 మధ్య సగానికి పైగా. సంరక్షణ మెరుగుపడింది కాబట్టి ఇవాళ అంకెలు కొంచెం మారవచ్చు గానీ మెట్లు మాత్రం అవే. 2008లో అదే దేశపు రిజిస్ట్రీ మీద చేసిన విశ్లేషణలో మెల్డ్ 20, ఆపైన ఉన్నవారు ఎంత రిస్కున్న కాలేయం తీసుకున్నా ఎదురుచూడటం కంటే లాభపడ్డారు. మెల్డ్ బాగా తక్కువగా, పదిలోపు ఉన్నవారు మాత్రం రిస్కున్న కాలేయంతో నష్టపోయారు.

అంటే ఆ రెండు మాటలకూ వైరుధ్యం లేదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. "ఈ కాలేయం ఎవరిలో ఎక్కువ కాలం నిలుస్తుంది?" అంటే తక్కువ మెల్డ్. "ఈ కాలేయం వల్ల ఎవరి ప్రాణానికి ఎక్కువ మేలు?" అంటే మధ్యస్తం నుంచి ఎక్కువ మెల్డ్. నా వరకూ రెండో ప్రశ్నే ముందు. మొదటిది దానికి హద్దు గీస్తుంది: 35 మెల్డ్‌తో, వెంటిలేటర్ మీద, డయాలసిస్‌లో ఉన్నవారికి 76 ఏళ్ల కాలేయం పెడితే అది మేలుకునే లోపే మనిషి పోవచ్చు. 2011లో వచ్చిన బార్ స్కోరు ఇక్కడ పనికొస్తుంది. మెల్డ్, గ్రహీత వయసు, దాత వయసు, ఐస్‌లో ఉంచిన సమయం, ఇది రెండో మార్పిడా, ప్రాణరక్షణ యంత్రాల మీద ఉన్నారా అన్నవన్నీ కలిపి 27 దాకా లెక్క. 18 దాటితే ఫలితాలు ఒక్కసారిగా దిగజారతాయి. ఆ 27లో సగానికి పైగా మెల్డ్‌వే, దాత వయసు వాటా కొద్దిగా మాత్రమే.

కాబట్టి ఈ కేసులో 54 ఏళ్లవారినే ముందు పిలుస్తాను, అదీ కొన్ని షరతులతో. ఆ 22 దేనితో వచ్చిందో చూడండి. బిలిరుబిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం సూచిక) వల్ల వస్తే సరే. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ వల్ల వచ్చి మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే ఆలోచించాలి. కొత్త కాలేయం మొదటి వారం మందకొడిగా ఉంటే ఆ మూత్రపిండాలు తట్టుకోవు. నాలుగడుగులు నడవగలుగుతున్నారా, కండ ఉందా, పోర్టల్ సిర తెరిచి ఉందా అన్నవీ చూడాలి. ఇవన్నీ బాగుంటే 1672 అంకెకు భయపడను. 1600కీ 1672కీ మధ్య జీవశాస్త్రం ఏమీ మారిపోదు.

క్యాన్సరు రోగి విషయంలో మెల్డ్ 12 ఆయన ప్రమాదాన్ని చెప్పదు. ఆయనకున్న ముప్పు కాలేయ వైఫల్యం కాదు, గడ్డ పెరిగి జాబితా నుంచి తప్పుకోవాల్సి రావడం. కీమో ఎంబొలైజేషన్ (గడ్డ ధమనిలోకి మందు పంపి మూసేయడం) లేదా అబ్లేషన్ (గడ్డను కాల్చేయడం)తో గడ్డ అణిగి, రక్తంలో క్యాన్సరు సూచిక ఆల్ఫా ఫీటోప్రోటీన్ పడిపోయి ఉంటే ఆయన ఎదురుచూడగలరు. గడ్డ హద్దు దగ్గరకొచ్చి, స్థానిక చికిత్సలకు వీలు లేకపోతే అప్పుడు ఈ కాలేయం ఆయనదే. ఆయనకు పొట్టనీరు లేదు, రక్తం గడ్డకట్టే శక్తి బాగుంది, ఆపరేషన్ చకచకా సాగుతుంది. ముసలి కాలేయానికి అంతకంటే అనువైన శరీరం ఉండదు. ఒక హెచ్చరిక: క్యాన్సరు రోగులకు జాబితాలో అదనంగా కలిపే పాయింట్లను డీ-మెల్డ్ లెక్కలో వేయకండి. రక్తపరీక్షలతో వచ్చిన అసలు మెల్డే వాడాలి.

పాతికేళ్లవారికి ఇవ్వడం మాత్రం వేరే మార్గం లేనప్పుడే. వారికి ఇంకా నలభై, యాభై ఏళ్లు కావాలి. రెండోసారి మార్పిడి అవసరమైనవారికీ నేను వద్దంటాను.

మార్పిడి సర్జన్

పై జవాబులో చాలా వరకు ఒప్పుకుంటాను, ఒక్కచోట తప్ప. 54 ఏళ్లవారికి ముందు అన్నది కాగితం మీద సరే. పొట్టనీరు ఎక్కువై పోర్టల్ ఒత్తిడి బాగా పెరిగిన పొట్టలో రక్తస్రావం ఎంతవుతుందో ముందే చెప్పలేం. పది యూనిట్ల రక్తం ఎక్కించాక, రక్తపోటు కిందామీదా పడుతుండగా రక్తం అందుకునే ముసలి కాలేయం వేరు, నిలకడైన రక్తపోటులో అందుకునేది వేరు. మెషిన్ లేని కేంద్రంలో నేను క్యాన్సరు రోగి వైపే మొగ్గుతాను. మెషిన్ ఉంటే మీ మాటే నెగ్గుతుంది.

అమెరికాలోనే 2007లో వచ్చిన ఒక విశ్లేషణ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 70 దాటిన దాతల కాలేయాలు మొదటిసారి మార్పిడి చేయించుకునే, 45 దాటిన, బీఎంఐ 35 లోపున్న, అత్యవసర వర్గంలో లేని, హెపటైటిస్-సి కాకుండా వేరే కారణం లేదా క్యాన్సరు ఉన్నవారికి, 8 గంటల లోపు ఐస్ సమయంతో ఇచ్చినప్పుడు చిన్నవయసు కాలేయాలతో సమానంగా నిలిచాయి. గమనిస్తే ఈ షరతుల్లో మనం ఎంచుకోలేనిది ఒక్కటీ లేదు.

హెపటాలజీ ఫెలో

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. మెషిన్ ఉంటే మాట మారుతుందన్నారు. ఏ మెషిన్, ఎప్పుడు? అలాగే గుండె ఆగిపోయాక దానం చేసేవారిలో, బతికుండగా దానం చేసేవారిలో ఇదే వయసు లెక్క వర్తిస్తుందా?

పెర్ఫ్యూజన్ విభాగం

రెండు రకాలున్నాయి, రెండూ చేసే పని వేరు.

చల్లని ఆక్సిజన్ పెర్ఫ్యూజన్: 8 నుంచి 12 డిగ్రీల మధ్య, ఆక్సిజన్ బాగా నింపిన ద్రావణాన్ని పోర్టల్ సిర నుంచి, కావాలంటే ధమని నుంచి కూడా, కనీసం గంట నుంచి రెండు గంటలు పంపుతాం. ఒత్తిడి చాలా తక్కువ: పోర్టల్ 5 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాటకూడదు, ధమని 25 దగ్గర. ఐస్‌లో ఉన్నంతసేపూ కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. వెచ్చని రక్తం తగలగానే అదంతా ఒక్కసారిగా మండి విషపు ఆక్సిజన్ పుడుతుంది. చలిలోనే ఆక్సిజన్ ఇస్తే ఆ నిల్వ నెమ్మదిగా కరిగి, కణంలో శక్తి తిరిగి చేరుతుంది. ముసలి కాలేయం బలహీనత సరిగ్గా ఇక్కడే కాబట్టి ఐస్ సమయం తక్కువున్నా సరే, దాత 70 దాటితే దీన్ని వాడటం నాకు సమంజసంగా తోస్తుంది. గుండె ఆగిన దాతల కాలేయాల మీద 2021లో వచ్చిన ట్రయల్‌లో కుట్టుకు దూరంగా పిత్తనాళాలు ఇరుకు కావడం 18 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది.

వెచ్చని పెర్ఫ్యూజన్: 37 డిగ్రీల వద్ద, ఎర్ర రక్తకణాలతో. ఇది కాలేయాన్ని మేలుకొలిపి పరీక్ష పెడుతుంది. 2018 నాటి యూరప్ ట్రయల్‌లో వృథా అయిన కాలేయాలు సగానికి తగ్గాయి, నిల్వ సమయం పెరిగినా కణాలు దెబ్బతినడం సగమైంది. పరీక్షలో చూసేవి ఇవి: నాలుగు గంటల్లోపు లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే ఆమ్లం) 2.5 మిల్లీమోల్ లేదా అంతకు తక్కువకు దిగాలి. దానికి తోడు పిత్తం రావడం, పీహెచ్ 7.30 పైన నిలవడం, గ్లూకోజు వాడుకోవడం, ధమనిలో నిమిషానికి 150, పోర్టల్‌లో 500 మిల్లీలీటర్లకు తగ్గని ప్రవాహం, కాలేయమంతా ఒకే రంగులో నిండటం, వీటిలో కనీసం రెండు.

ఎక్కడ పొరపడతారంటే, లాక్టేట్ దిగగానే సంబరపడతారు. లాక్టేట్ కాలేయ కణాల సంగతి చెబుతుంది, పిత్తనాళాల సంగతి చెప్పదు. పిత్తం పీహెచ్ విడిగా చూడండి. అది 7.5 దగ్గరకు రాకపోతే నాళం లోపలి పొర దెబ్బతిన్నదని అనుమానించాలి. ఇంకో పొరపాటు ధమని కాన్యులా విషయంలో. ముసలి ధమనిలో లావు కాన్యులా బలవంతంగా దూర్చితే లోపలి పొర ఊడుతుంది. మెషిన్‌తో కాలేయాన్ని కాపాడి, అదే మెషిన్‌తో ధమనిని పోగొట్టుకున్నట్టవుతుంది. బృహద్ధమని ముక్కకు కుట్టి పెట్టుకోండి.

పైన సర్జన్ గారు చెప్పిన అతుకుల పొట్టకు వెచ్చని మెషిన్ నిజంగా ఉపయోగం. గ్రహీత పొట్ట సిద్ధమయ్యేదాకా కాలేయం గడియారాన్ని చూసుకోనక్కర్లేదు. కొవ్వు 60 శాతమున్న కాలేయాన్ని మాత్రం మెషిన్ నాలుగు గంటల్లో బాగుచేయదు, దాని మీద ఆ ఆశ పెట్టుకోకండి.

మార్పిడి సర్జన్

గుండె ఆగాక దానం చేసేవారిలో వయసు ఇంకా బరువైన అంశం. పిత్తనాళాలకు రక్తం ఇచ్చేది ధమని ఒక్కటే, పోర్టల్ సిర ఆదుకోదు. ప్రాణం పోయేటప్పుడు రక్తపోటు పడిపోయిన నిమిషాలు ఆ నాళాల మీదే దెబ్బ కొడతాయి, ముసలి నాళం తిరిగి మొలవడం కష్టం. మామూలు ఐస్ నిల్వతో అయితే 60 దాటాక జంకుతాను. దాత శరీరంలోనే పొట్టకు రక్త ప్రసరణ తిరిగి ఇచ్చే పద్ధతి గానీ చల్లని ఆక్సిజన్ పెర్ఫ్యూజన్ గానీ ఉంటే ఆ గీత పైకి జరుగుతుంది.

బతికున్న దాతల్లో లెక్క పూర్తిగా వేరు, ఎందుకంటే ఇక్కడ ఇద్దరు ప్రమాదంలో ఉన్నారు. చాలా కేంద్రాలు 55 లేదా 60 దగ్గర ఆగుతాయి. మామూలుగా దాతకు మిగిలే కాలేయం 30 శాతం చాలంటాం. యాభై దాటితే 35 శాతానికి తగ్గనివ్వకండి. గ్రహీత వైపు అవయవం బరువు శరీర బరువులో 0.8 శాతం ఉండాలన్నది మామూలు గీత. ముసలి ముక్క నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోండి. కొవ్వు ఏమాత్రం కనబడినా దాతకు బరువు తగ్గించి మళ్లీ చూడటమే.

మత్తు, ఐసీయూ విభాగం

ఆపరేషన్ తర్వాత సంగతి ఎవరూ రాయలేదు, నేను చేరుస్తాను.

మొదటి రాత్రి చూసేది లాక్టేట్ దిగుతోందా, గ్లూకోజు నిలుస్తోందా, ఐఎన్ఆర్ ప్లాస్మా ఎక్కించకుండానే తగ్గుతోందా అన్నవే. ఐఎన్ఆర్ కొంచెం పెరిగిందని ప్లాస్మా పోస్తే కాలేయం పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారి మనమే మూసుకున్నట్టు. రక్తస్రావం లేకపోతే ఆగండి. ఏడో రోజున బిలిరుబిన్ 10 లేదా పైన, ఏడో రోజున ఐఎన్ఆర్ 1.6 లేదా పైన, మొదటి ఏడు రోజుల్లో ఏఎస్‌టీ లేదా ఏఎల్‌టీ 2000 దాటడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా దాన్ని తొలిదశ మందకొడితనం అంటాం. ముసలి కాలేయంలో ఇది ఎక్కువగానే కనబడుతుంది, చాలామంది కోలుకుంటారు కూడా. బిలిరుబిన్ రెండు వారాలు నెమ్మదిగా దిగుతున్నా, ఐఎన్ఆర్ బాగుంటే కంగారుపడి రెండో మార్పిడి మాట ఎత్తనక్కర్లేదు. లాక్టేట్ పెరుగుతూ, గ్లూకోజు పడిపోతూ, మనిషి మత్తులోకి జారుతుంటే మాత్రం గంటలు లెక్కపెట్టాల్సిందే.

డాప్లర్ (రక్త ప్రవాహం చూపే అల్ట్రాసౌండ్) మొదటి రోజు నుంచి రోజూ చేయించండి. ధమని నిరోధక సూచిక 0.55 నుంచి 0.8 మధ్య ఉండాలి. అంతకు తగ్గి, తరంగం మొద్దుబారి కనబడితే ధమని ఎక్కడో ఇరుకైనట్టే, వెంటనే సీటీ ఆంజియో. ప్లేట్‌లెట్లు కోలుకోగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం మంచిది. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ విషయంలో తొందర వద్దు. మందకొడి కాలేయం దాన్ని వదిలించుకోలేదు, రక్తంలో స్థాయి పేరుకుని మూత్రపిండాల మీద పడుతుంది. తిరస్కరణను ఆపే మరో మందు బాసిలిక్సిమాబ్ ఇచ్చి టాక్రోలిమస్‌ను కొన్ని రోజులు ఆలస్యంగా, తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి.

రోగితో మాట్లాడటం గురించి. అర్ధరాత్రి అవయవం వచ్చాక ఫోన్‌లో "దాతకు 76 ఏళ్లు, సరేనా?" అని అడగడం సమ్మతి కాదు, భయపెట్టడం. జాబితాలో చేర్చే రోజునే కూర్చోబెట్టి చెప్పాలి: ముసలి దాత కాలేయం రావచ్చు, అది పనిచేయకపోయే అవకాశం పడుచు కాలేయం కంటే ఎక్కువ, అయితే మీ మెల్డ్‌తో మూడు నెలలు ఆగితే ఉండే ప్రమాదం ఇదీ. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఒక్క అంకే చెబితే మనకు కావలసిన జవాబే వస్తుంది. చాలామంది మొదట అడిగేది "ముసలివారి కాలేయం నాకెన్నాళ్లు వస్తుంది?" అనే. 2022లో అమెరికా రిజిస్ట్రీని గాలించినప్పుడు దాతలో గడిపిన కాలమూ గ్రహీతలో గడిపిన కాలమూ కలిపి వందేళ్లు దాటిన కాలేయాలు 25 దొరికాయి. ఆ దాతల సగటు వయసు 84 పైనే. రెండున్నర లక్షల మార్పిడుల్లో 25 అంటే అరుదే, దాన్ని హామీగా చెప్పకూడదు. కానీ ఆ దాతల్లో షుగరు తక్కువ, ట్రాన్సామినేజ్‌లు (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ) తక్కువ, గ్రహీతల మెల్డ్ కూడా తక్కువ. పైన అందరూ చెప్పిన షరతులే అవి.

ఒకవేళ రోగి వద్దంటే ఆయన వరుస మారదని కూడా ఆ రోజే చెప్పండి. మీ జట్టు వద్దంటే కారణాన్ని ఒక్క మాటలో "వయసు" అని రాయకండి. కొవ్వు ఎంత, ధమని ఎలా ఉంది, ఎన్ని గంటలు పట్టేది అన్నవి రాయండి. అదే కాలేయం అరగంటలో ఇంకో జట్టు ముందుకు పోతుంది, వాళ్లు చదివేది మీ కాగితాన్నే.